తుక్కు నుంచి తిరిగొచ్చిన షెర్మన్‌లు: ఇజ్రాయెల్ తొలి ట్యాంకుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉండేది. యాక్సిడెంట్‌లో నుజ్జయిన లారీని లాక్కొచ్చి పడేసేవాళ్లు. మూడు నెలలు తిరక్కుండానే అదే లారీ వేరే ఇంజనుతో, కొత్త బాడీతో, ముందు నిమ్మకాయల దండ కట్టుకుని బయటికెళ్లేది. చిన్నప్పుడు అది చూస్తూ పెరిగినందుకేనేమో, ఇజ్రాయెల్ సైన్యం పాత షెర్మన్ ట్యాంకులను బతికించుకున్న కథ అంటే నాకు ప్రాణం. ఈ కథ ఎవరికి చెప్పినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

అసలు షెర్మన్ అంటే ఏ ట్యాంకు?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తయారుచేసిన మీడియం ట్యాంకు. అధికారిక పేరు ఎం4. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన జనరల్ షెర్మన్ పేరును దీనికి పెట్టింది బ్రిటిష్‌వాళ్లు. బరువు 30 టన్నుల పైమాటే. లోపల ఐదుగురు ఉంటారు: కమాండర్, గన్నర్, గుండు ఎక్కించే లోడర్, డ్రైవర్, డ్రైవర్ పక్కన మెషిన్‌గన్ దగ్గర ఇంకో మనిషి. 1942 నుంచి 1945 మధ్య 49,000కు పైగా తయారయ్యాయి. యుద్ధం ముగిశాక వాటన్నిటినీ ఓడలకెక్కించి ఇంటికి తీసుకెళ్లడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు. అందుకే చాలావాటిని ఉన్నచోటే పాత ఇనుము కింద అమ్మేశారు.

కొత్తగా పుట్టిన దేశం తుక్కు ట్యాంకుల వెంట ఎందుకు పడింది?

కొత్తవి అమ్మేవాళ్లు లేరు కాబట్టి. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడినట్టు ప్రకటించారు. మర్నాడే ఈజిప్టు, ట్రాన్స్‌జోర్డాన్ (ఇప్పటి జోర్డాన్), సిరియా, ఇరాక్ సైన్యాలు యుద్ధంలోకి దిగాయి. అప్పటికే, 1947 డిసెంబరు నుంచి, ఆ ప్రాంతానికి ఆయుధాలు పంపకూడదని అమెరికా నిషేధం పెట్టింది. ఐక్యరాజ్య సమితి కాల్పుల విరమణ తీర్మానంలోనూ అదే షరతు. చెకోస్లొవేకియా నుంచి తుపాకులు, మెషిన్‌గన్‌లు, విమానాలు వచ్చాయి గానీ ట్యాంకులు రాలేదు.

ట్యాంకు లేకపోతే ఏమవుతుందో లట్రూన్ దగ్గర తెలిసింది. టెల్ అవీవ్ నుంచి జెరూసలేం వెళ్లే దారిని కాచుకుని ఉన్న పోలీసు కోట అది. అందులో ట్రాన్స్‌జోర్డాన్ అరబ్ లీజియన్ సైనికులున్నారు. మే నెలాఖరు నుంచి ఇజ్రాయెల్ సైనికులు దాని మీదికి మళ్లీ మళ్లీ దాడికి వెళ్లారు, ప్రతిసారీ వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ దాడుల్లో చనిపోయినవాళ్లలో యూరప్ నుంచి వలసవచ్చి, ఓడ దిగి కొన్ని రోజులే అయినవాళ్లు కూడా ఉన్నారు.

మరి మొట్టమొదటి ట్యాంకులు ఎలా దొరికాయి?

దొంగతనంగా. ఆ దొంగతనం చేసింది కూడా బ్రిటిష్ సైనికులే.

అప్పటిదాకా పాలస్తీనాను పాలించిన బ్రిటిష్‌వాళ్ల చివరి దళాలు హైఫా రేవు నుంచి వెళ్లిపోవాల్సిన రోజు 1948 జూన్ 30. ముందు రోజు రాత్రి, హైఫా విమానాశ్రయం దగ్గర కాపలా ఉన్న రెండు క్రామ్‌వెల్ ట్యాంకులను వాటి దగ్గర పనిచేసే ఇద్దరు సైనికులే నడుపుకుంటూ వచ్చి యూదు సైన్యానికి అప్పగించారు. ఒకరు ఐర్లండ్‌కు చెందిన మైక్ ఫ్లానగన్, రెండోవారు స్కాట్లండ్‌కు చెందిన హ్యారీ మెక్‌డొనాల్డ్. తెల్లవారితే సొంత సైన్యంతో ఓడెక్కి ఇంటికి పోవాల్సినవాళ్లు, ట్యాంకులతో సహా కొత్త సైన్యంలో చేరిపోయారు. ఫ్లానగన్ అక్కడే పెళ్లి చేసుకుని, ఒక కిబ్బుట్జ్‌లో, అంటే అందరూ ఉమ్మడిగా బతికే పల్లెలో, స్థిరపడ్డాడు.

హైఫా అనగానే మనవాళ్లకు ఇంకోటి గుర్తురావాలి. 1918 సెప్టెంబరు 23న ఆ ఊరిని ఒట్టోమన్ సైన్యం చేతుల్లోంచి విడిపించింది మన జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. అదే అశ్విక బ్రిగేడులో హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాలవే.

సరే, క్రామ్‌వెల్‌లు రెండే. వాటికి స్పేర్ పార్టులు ఎక్కడా లేవు. ఫ్రాన్స్ నుంచి గుట్టుగా తెప్పించిన పది హాచ్‌కిస్ ట్యాంకులు మరీ చిన్నవి, యుద్ధానికి ముందు కాలం నాటివి. బ్రిటిష్‌వాళ్లు వదిలేసిన సామాను నుంచి ఒక షెర్మన్‌ను ఎలాగో లేపి నిలబెట్టారు. కావలసినన్ని దొరికే ట్యాంకు ఏదైనా ఉందంటే అది షెర్మన్ ఒక్కటేనని అప్పటికే అర్థమైంది.

షెర్మన్‌లు ఇటలీ నుంచి వచ్చాయంటారు, ఆ సంగతేమిటి?

ఇటలీలో మిత్రరాజ్యాల సైన్యాలు వదిలేసిన షెర్మన్‌లు పాత ఇనుము యార్డుల్లో పడి ఉండేవి. ఇజ్రాయెల్ మనుషులు 1948లో అక్కడికెళ్లి కొన్నారు. అమ్మేముందే వాటి ఫిరంగులను పాడుచేసేవారు, మళ్లీ యుద్ధానికి పనికిరాకుండా గొట్టాలకు బెజ్జాలు పెట్టేవారు. అంటే దేశానికి చేరింది నడవగలిగే ఇనుప పెట్టె మాత్రమే. కాల్చడానికి ఫిరంగి లేదు.

కొన్నిటికి ఏం చేశారో వింటే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. స్విట్జర్లాండ్ నుంచి 75 మిల్లీమీటర్ల పాత క్రుప్ ఫిరంగులు తెచ్చారు. అవి మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి డిజైను. మామూలుగా చక్రాల బండి మీద ఉండి గుర్రాలు లాగే రకం. వాటిని అమెరికన్ ట్యాంకు టరెట్‌లో, అంటే ఫిరంగితో పాటు చుట్టూ తిరిగే పైభాగంలో, బిగించారు. జర్మన్ ఫిరంగి, అమెరికన్ ట్యాంకు, ఇటలీ తుక్కు దుకాణం, లోపల కూర్చున్నది యూరప్‌లోని నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ కుర్రాడు. 1948 అంటే నాకు ముందుగా ఆ టరెట్టే గుర్తొస్తుంది.

వాటిని నడిపింది ఎవరు? శిక్షణ ఎక్కడిది?

యిట్జాక్ సాదే నాయకత్వంలోని 8వ బ్రిగేడులో 82వ బెటాలియన్ అని ఒకటి పెట్టారు. దేశానికి మొదటి ట్యాంకు బెటాలియన్ అదే. దాని కమాండర్ ఫెలిక్స్ బియాటుస్ పోలండ్‌లో పుట్టి, సోవియట్ సైన్యంలో ట్యాంకు అధికారిగా పోరాడినవాడు. తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్ల కంపెనీని రష్యన్ కంపెనీ అనీ, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లదాన్ని ఇంగ్లిష్ కంపెనీ అనీ పిలిచేవారు. ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. ఆజ్ఞ ఇస్తే ఎవరో ఒకరు తర్జుమా చేయాల్సిందే. రేడియోలో ‘కుడికి తిప్పు’ అని చెప్పడానికి కూడా మధ్యలో ఒక మనిషి కావాలంటే, యుద్ధంలో ఆ రెండు సెకన్లకు విలువెంతో ఆలోచించండి.

అన్నీ షెర్మన్‌లే కదా, మరమ్మతు సులువే అయి ఉంటుంది కదా?

చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ అసలు తలనొప్పి ఇక్కడే ఉంది. షెర్మన్ అంటే ఒకే బండి కాదు. అమెరికాలో చాలా ఫ్యాక్టరీలు ఒకేసారి తయారుచేశాయి, ఎవరికి ఏ ఇంజను దొరికితే అది పెట్టాయి. ఎం4, ఎం4ఏ1లకు కాంటినెంటల్ ఇంజను. విమానాలకు వాడే రకం, సిలిండర్లు నక్షత్రంలా గుండ్రంగా ఉంటాయి. ఎం4ఏ2కి జంట డీజిల్ ఇంజన్లు. ఎం4ఏ3కి ఫోర్డ్ వీ8. ఎం4ఏ4 అన్నిటికన్నా విచిత్రం: ఐదు కారు ఇంజన్లను ఒకే ఇరుసుకు కలిపి కట్టిన క్రైస్లర్ ఇంజను, మొత్తం 30 సిలిండర్లు. దాన్ని ఇరికించడానికి ట్యాంకు పొడవే పెంచారు.

తుక్కు దుకాణాల్లో ఏరుకొచ్చినప్పుడు ఈ రకాలన్నీ కలగలిసి వస్తాయి. ఒకదాని కార్బొరేటర్ ఇంకోదానికి సరిపోదు. మూడు చచ్చిన ట్యాంకుల నుంచి ఒక బతికిన ట్యాంకు లేవాలి. ఆటోనగర్‌లో అశోక్ లేలాండ్ ఛాసిస్ మీద ఇంకేదో గేర్‌బాక్స్ కూర్చోబెట్టినవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. పార్టు కోసం తిరిగిన రోజులే ఎక్కువ, పనిచేసిన రోజులు తక్కువ.

ఆ గుండ్రటి కాంటినెంటల్ ఇంజను గురించి ఇంకొంచెం. బండి కొన్ని గంటలు నిలబడితే ఆయిల్ జారి కింది సిలిండర్లలోకి చేరుతుంది. అలాగే సెల్ఫ్ కొడితే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అందుకని స్టార్ట్ చేసేముందు వెనక నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి చేత్తో పదుల చుట్లు తిప్పాలి. తెల్లవారుజామున ఎడారి చలిలో, శత్రువు ఎటునుంచి వస్తాడో తెలియని టెన్షన్‌లో, ఇద్దరు కుర్రాళ్లు వంతులేసుకుని ఆ హ్యాండిల్ తిప్పుతుండేవాళ్లు. ట్యాంకు సైనికుడి జీవితం అంటే సగం ఇదే.

ఇంత కష్టపడి తెచ్చినవి 1948 యుద్ధాన్ని గెలిపించాయా?

లేదు. ఆ యుద్ధంలో ట్యాంకుల పాత్ర చిన్నదే. అక్టోబరులో ఇరాక్ అల్ మన్షియ్యా అనే ఊరి మీద 82వ బెటాలియన్ చేసిన దాడి బెడిసికొట్టింది. పదాతి దళానికీ ట్యాంకులకీ పొంతన కుదరలేదు, బళ్లు చాలావరకు దెబ్బతిన్నాయి. ఆ అనుభవం వల్లే చాలామంది పెద్ద అధికారులకు ట్యాంకు అంటే నమ్మకం పోయింది. ఎడారిలో మధ్యదారిలో ఆగిపోయే ఖరీదైన బండి అన్నది మోషే దయాన్ లాంటివాళ్ల అభిప్రాయం.

ఆ అభిప్రాయం మారింది 1956లో, ఈజిప్టుతో యుద్ధంలో, సినాయ్ ఎడారిలో. ఊరీ బెన్ ఆరీ నడిపిన 7వ బ్రిగేడు అనుకున్నదానికంటే ముందే సరిహద్దు దాటేసింది. అప్పటికి ఆ బ్రిగేడులోకి మారిన 82వ బెటాలియన్ షెర్మన్‌లు, అవ్రహాం ఆదాన్ నాయకత్వంలో, శత్రువు పెద్దగా కాపలా పెట్టని ఇరుకు కనుమ గుండా దూరి, వెనక వైపు నుంచి అబూ అగైలా కూడలి మీద పడ్డాయి. ట్యాంకు పదాతి దళం వెనక నడిచే బండి కాదనీ, ముందు దూసుకెళ్లాల్సిన పిడికిలనీ ఆ రెండు రోజుల్లో తేలిపోయింది. ఆ తర్వాత ఇజ్రాయెల్ సైన్యం ఆలోచనే మారింది. నా మట్టుకు నాకు, షెర్మన్ ఆ దేశానికి చేసిన అసలు మేలు ఇదే. అది కూల్చిన శత్రు ట్యాంకుల లెక్క దీని ముందు చిన్నది.

పాత ట్యాంకుకు కొత్త ఫిరంగి ఎందుకు? ఎలా పట్టించారు?

1950ల్లో ఈజిప్టుకు సోవియట్ టీ-34 ట్యాంకులు రావడం మొదలైంది. షెర్మన్ అసలు 75 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు సెకనుకు సుమారు 620 మీటర్ల వేగంతో వెళ్తుంది. అది చాలదు. కొత్త ట్యాంకులు కొనే దారి లేదు. ఉన్నదాని ఫిరంగి మార్చాలి.

ఫ్రాన్స్ ఏఎంఎక్స్-13 అనే తేలిక ట్యాంకు కోసం పొడుగాటి 75 మిల్లీమీటర్ల ఫిరంగి చేసింది. దాని గుండు వేగం సెకనుకు దాదాపు 1,000 మీటర్లు. ఆ ఫిరంగి వెనక ఉన్నది జర్మన్ పాంథర్ ట్యాంకు ఫిరంగి మీద ఫ్రెంచ్‌వాళ్లు చేసిన అధ్యయనం. దాన్ని షెర్మన్ టరెట్‌లో పెట్టాలంటే లోపల చోటు లేదు. ఫిరంగి పేలగానే వెనక్కి తన్నుకొస్తుంది, అప్పుడు లోడర్ మనిషికి నిలబడే జాగా మిగలాలి. అందుకని టరెట్ ముందు భాగాన్ని బయటికి పొడిగించి, ఫిరంగిని ముందుకు జరిపారు. ముందు బరువు పెరిగితే టరెట్ సరిగా తిరగదు. దానికి తూకంగా వెనకవైపు బరువైన ఇనుప దిమ్మె వెల్డింగ్ చేశారు. పక్క నుంచి చూస్తే ఆ టరెట్‌కు ముందొక ముక్కు, వెనకొక మూపురం ఉన్నట్టుంటుంది. అదే ఎం-50. 1956 యుద్ధానికి కొన్ని మాత్రమే సిద్ధమయ్యాయి. తర్వాత వాటికి అమెరికన్ కమిన్స్ డీజిల్ ఇంజను, 460 హార్స్‌పవర్‌ది, వెడల్పాటి ట్రాకులు పెట్టారు. పెట్రోల్‌తో పోలిస్తే డీజిల్‌కు మంట తొందరగా అంటుకోదు. ఐదుగురు ఇరుక్కుని కూర్చునే బండిలో అది చిన్న విషయం కాదు.

1960ల్లో ఇంకో మెట్టు ఎక్కారు. ఈసారి ఫ్రెంచ్ 105 మిల్లీమీటర్ల ఫిరంగి. ఈ ట్యాంకును మొదట గీసినవాళ్లు కలలో కూడా ఊహించని సైజు. తన్ను తట్టుకోవడానికి గొట్టం కొంత పొట్టిచేశారు, మొన మీద ఆ తన్నును తగ్గించే పెద్ద మజిల్ బ్రేక్ పెట్టారు. గుండు వేగం సుమారు 800 మీటర్లకు తగ్గింది. అయినా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ ఫ్రెంచ్ గుండు వేగంతో గుద్ది కవచాన్ని చీల్చే రకం కాదు. లోపలున్న మందు పేలినప్పుడు సన్నటి లోహపు ధార పుట్టి, ఉక్కును తొలుచుకుంటూ పోతుంది. ఇలాంటి గుండుతో ఒక చిక్కుంది: గిర్రున తిరుగుతూ వెళ్తే ఆ ధార చెదిరిపోతుంది. ఫ్రెంచ్‌వాళ్లు గుండు పైతొడుగును తిరగనిచ్చి, లోపలి మందును బాల్ బేరింగుల మీద కూర్చోబెట్టారు. పైది తిరుగుతుంది, లోపలిది దాదాపు తిరగదు. ఇంత అందమైన ఆలోచన నేను యంత్రాల్లో అరుదుగా చూశాను. ఇలా తయారైనవే ఎం-51లు, సుమారు 180.

‘సూపర్ షెర్మన్’, ‘ఐషెర్మన్’ అంటే ఇవేనా?

బయటివాళ్లు, ముఖ్యంగా ట్యాంకు బొమ్మలు చేసేవాళ్లు, అలా పిలుస్తారు. ఇజ్రాయెల్ సైన్యం సూపర్ షెర్మన్ అన్నది ఫ్రాన్స్ నుంచి వచ్చిన 76 మిల్లీమీటర్ల ఫిరంగి షెర్మన్‌లను. మిగతావి వాళ్లకు ఎం-50, ఎం-51 మాత్రమే.

ఎదుటివాళ్ల దగ్గర కూడా షెర్మన్‌లున్నాయా?

ఉన్నాయి. ఈజిప్టు తన షెర్మన్‌లకు ఏకంగా ఏఎంఎక్స్-13 టరెట్‌నే తెచ్చి తగిలించింది. అంటే 1956లో రెండు వైపులా పాత అమెరికన్ ట్యాంకులున్నాయి, రెండు వైపులా కొన్నిటికి అదే ఫ్రెంచ్ ఫిరంగి. ప్రపంచ యుద్ధం మిగిల్చిన ఇనుము అందరి చేతుల్లోకీ వెళ్లింది.

1967 ఆరు రోజుల యుద్ధంలో అమెరికన్ ప్యాటన్ ట్యాంకుల ముందు ఇవి నిలబడ్డాయా?

నిలబడ్డాయి, కానీ ఊరికే కాదు. వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్ దగ్గర దోతాన్ లోయలో జోర్డాన్ ప్యాటన్‌లతో షెర్మన్‌లు తలపడ్డాయి. ప్యాటన్ ఒక తరం తర్వాతి ట్యాంకు, కవచం మందం. అయినా ఇజ్రాయెల్ గెలిచింది. ఫిరంగి కొత్తది, గన్నర్లకు సాధన ఎక్కువ, ఆకాశం వాళ్ల చేతిలో ఉంది. 1964 నుంచి ట్యాంకు దళానికి అధిపతిగా ఉన్న ఇస్రాయెల్ టల్ దూరం నుంచి గురి చూసి కొట్టడం మీద పట్టుబట్టి సాధన చేయించాడు.

ఇక సిరియా వైపున్న గోలన్ కొండలు. జూన్ 9న ఆల్బర్ట్ మాండ్లర్ బ్రిగేడు షెర్మన్‌లు నిట్టనిలువు కొండ ఎక్కుతూ ఖలా గ్రామం వైపు వెళ్లాయి. పైనుంచి సిరియా ట్యాంకులు, ఫిరంగులు కాలుస్తూనే ఉన్నాయి. ఎన్ని కొత్త ఫిరంగులు పెట్టినా పక్క కవచం 1942 నాటిదే కదా. ఒక్కొక్కటీ దారిలో కాలిపోయింది. సాయంత్రానికి ఊరికి చేరుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. బెటాలియన్ కమాండర్ అర్యే బీరో ముఖానికి తీవ్రంగా గాయమైంది. పాత ట్యాంకుతో ఎంత సాధించారో చెప్పేవాళ్లు ఈ కొండదారి సంగతి కూడా చెప్పాలి.

ఇవన్నీ చదువుతుంటే ఒకవైపే మాట్లాడుతున్నట్టుంది. అటువైపు జనం సంగతి?

ఈ ప్రశ్న అడిగినందుకు నిజంగా సంతోషం. ఇది యంత్రం కథ మాత్రమే కాదు. 1948 జూలైలో 8వ బ్రిగేడు ట్యాంకులు లిద్దా విమానాశ్రయాన్ని పట్టుకున్న ఆపరేషన్‌లోనే, లిద్దా, రమ్లే పట్టణాల నుంచి వేలాది పాలస్తీనా కుటుంబాలను వెళ్లగొట్టారు. జూలై ఎండలో, మంచినీళ్లు లేక, నడిచి వెళ్తూ దారిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. యంత్రం మీద ఇష్టంతో ఇది దాచి రాయడం నాకు చేతకాదు.

1973 తర్వాత వీటికి ఏమైంది?

1973 యుద్ధంలో కూడా రిజర్వు సైనికులు షెర్మన్‌లతో గోలన్‌లో పోరాడారు. ఎదురుగా ఉన్నవి సోవియట్ టీ-55, టీ-62 ట్యాంకులు. ఆ తర్వాత ట్యాంకుగా వాటి పని అయిపోయింది గానీ బండిగా అయిపోలేదు. కొన్నిటికి 155 మిల్లీమీటర్ల శతఘ్ని పెట్టారు, కొన్నిటికి 160 మిల్లీమీటర్ల మోర్టారు, కొన్నిటికి రాకెట్లు. గాయపడ్డవాళ్లను మోసే అంబులెన్సులు, చెడిపోయిన ట్యాంకులను లాక్కొచ్చే బళ్లు కూడా వీటి నుంచే చేశారు. కొన్ని లెబనాన్‌లో మిత్ర దళాలకు వెళ్లాయి. చిలీ సైన్యం కొనుక్కున్న ఎం-51లు 1990ల చివరిదాకా తిరిగాయి.

మన దేశానికి, మన తెలుగు నేలకు దీంతో ఏమైనా సంబంధం ఉందా?

మన కథ కూడా ఇలాంటిదే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సైన్యం దగ్గరున్న మీడియం ట్యాంకు కూడా షెర్మనే, బ్రిటిష్ ఇండియా సైన్యం నుంచి మిగిలినది. 1948 సెప్టెంబరులో జనరల్ జె.ఎన్. చౌధురి దళాలు షోలాపూర్ రోడ్డు మీదుగా హైదరాబాద్ వైపు వచ్చినప్పుడు ముందు నడిచింది ట్యాంకులే. తర్వాత మనవాళ్లూ కొన్ని షెర్మన్‌లకు ఫ్రెంచ్ 75 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టారు.

1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్‌లను అడ్డుకున్నవాళ్లలో డెక్కన్ హార్స్ రెజిమెంటు ఒకటి. ఆ రెజిమెంటు మూలాలు 1790 నాటి నిజాం అశ్విక దళంలో ఉన్నాయి. వాళ్లు ఎక్కింది షెర్మన్‌లే. నీళ్లు వదిలి తడిపిన పొలాల్లో ప్యాటన్‌లు కూరుకుపోతుంటే, చెరకు తోటల చాటు నుంచి దగ్గరికి రానిచ్చి కొట్టారు. గుర్రాల మీద దక్కన్‌లో మొదలైన దళం, పాత అమెరికన్ ట్యాంకులతో పంజాబ్ చెరకు తోటల్లో నిలబడింది. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఇంకొంచెం చోటు ఉండాల్సింది.

ఈ ట్యాంకులను ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

లట్రూన్‌లో. 1948లో ఎన్నిసార్లు ప్రయత్నించినా చేజిక్కని ఆ పోలీసు కోటే ఇప్పుడు ఇజ్రాయెల్ ట్యాంకు దళం మ్యూజియం. గోడల మీద గుళ్లు తగిలిన గుంటలు అలాగే ఉన్నాయి. ఎం-50, ఎం-51లతో పాటు అనేక దేశాల ట్యాంకులు ఆవరణలో వరసగా నిలబడి ఉంటాయి. చనిపోయిన ట్యాంకు సైనికుల పేర్లు చెక్కిన పొడవాటి గోడ ఉంది. అక్కడికి వెళ్తే ముందు అది చూడండి.

తర్వాత తలెత్తి చూడండి. పాత నీళ్ల ట్యాంకు టవర్ మీద ఒక షెర్మన్ ఉంటుంది. ఎక్కించేటప్పుడు టవర్ అంత బరువు మోయలేదని తేలింది. అందుకని ఇంజను, గేర్‌బాక్స్ తీసేసి, ఖాళీ బండినే క్రేన్‌తో పైకి లేపి కూర్చోబెట్టారు.